అక్క దాచుకున్న భయం

నిదానం చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడంటే, ఆలోగా ఇంట్లో మిగతావాళ్లు తినడం, తాగడం, తయారవడం అన్నీ ముగించుకోవచ్చు. పుట్టినప్పటి నుంచీ అతని రెండు బొటనవేళ్లూ అరచేతుల్లోకి మడతపడి ఉన్నాయి. లాగితే కొంచెం వస్తాయి, వదిలితే మళ్లీ లోపలికి పోతాయి. గుండీని చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించి, నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి కాజాలోకి తోస్తాడు. ఎవరైనా సాయానికి వస్తే ఒప్పుకోడు. అతను పనిచేసే మొక్కల నర్సరీలో పెట్టిన పేరు నిదానం. ఇంట్లోనూ అదే ఖాయమైపోయింది.

"బావా, హారన్ కొట్టకు. ఇంకా రెండు గుండీలున్నాయి."

"హారన్ ఎక్కడ కొట్టానురా? బస్సు వీధిలో ఉంది, నేను నీ ఎదురుగా ఉన్నాను."

"నీ మొహం కొడుతోంది బావా."

బావ పగలబడి నవ్వాడు. అతను స్కూలు బస్సు డ్రైవరు. రోజూ బావమరిదిని దారిలో నర్సరీ దగ్గర దింపి, తర్వాత పిల్లల్ని ఎక్కించుకుంటాడు. అక్క కూడా నవ్వుతూ ఇద్దరి డబ్బాలూ బల్ల మీద పెట్టింది. నిదానానికే కాదు, ఆమె పనిచేసే కళ్లద్దాల షాపులో యజమానికీ, వచ్చే పోయేవాళ్లకూ కూడా ఆమె అక్కే. తల్లి పోయాక తమ్ముణ్ని తన దగ్గరే పెట్టుకుంది. లెక్కలు రావనీ, చదివింది గుర్తుండదనీ, నడిస్తే కాళ్లు బిగుసుకుంటాయనీ ఏ స్కూలూ ఎక్కువ కాలం ఉంచుకోని తమ్ముణ్ని, మట్టి కలపడం, కుండీలు నింపడం, వేళకు నీళ్లు పెట్టడం నేర్పించి ఒక పనిలో నిలబెట్టింది.

నిరుడు అతనికి పెళ్లి కూడా అయింది. అదే నర్సరీలో మొక్కలకు అంటుకట్టే అమ్మాయి తనంతట తానే వచ్చి అడిగింది. "మాట ఇస్తే తప్పడు. కోపం వస్తే అరవడు, మూల కూర్చుంటాడు. ఇంతకంటే ఏం కావాలి వదినా?" అంది. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టడానికి నిదానం తీసుకున్న సమయానికి గుమస్తా కునికిపాట్లు పడ్డాడు. అప్పటి నుంచి ఇద్దరూ మేడమీద గదిలో ఉంటున్నారు.

ఆ పొద్దున్న మరదలు కిందికి రాలేదు. మగవాళ్లిద్దరూ వెళ్లాక అక్క మెట్లెక్కి చూసింది. ఆ పిల్ల మంచం అంచున కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది, కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది వదినా. నెల తప్పింది. నిన్న పరీక్ష చేసుకున్నాను. రెండు గీతలు వచ్చాయి." ఆమె నవ్వు ఆపుకోలేకపోతోంది. "ఆయనకింకా చెప్పలేదు. ముందు మీకే చెబుదామని..."

అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. దగ్గరికి తీసుకోవాలని తెలుసు. తలమీద చెయ్యి వేయాలని తెలుసు. చేతులు లేవలేదు.

"షాపుకి టైమైపోయింది" అంది. రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది.

ఆ రోజు షాపులో ఒక పెద్దాయన కళ్లద్దాలకు కుడి అద్దం ఎడమవైపు బిగించింది. ఆయన పెట్టుకుని "అమ్మా, గోడ నామీదికి వస్తోంది" అంటే గానీ ఆమెకు తెలియలేదు. యజమాని వింతగా చూశాడు. తలనొప్పి అని చెప్పి లోపల గదిలో కూర్చుంది.

కళ్లు మూసుకుంటే మేనమామ కనిపించాడు. తల్లికి తమ్ముడు. అవే చేతులు, అవే మడతపడ్డ వేళ్లు. కానీ ఆయనకు మాట లేదు. నిలబడలేడు. భయమేస్తే తన మణికట్టు తానే కొరుక్కునేవాడు. ఎవరైనా ఇంటికొస్తే ఆయన్ని వెనకగదిలోకి ఈడ్చుకెళ్లి తలుపు వేసేవాళ్లు. ఆ తలుపు వెనకనుంచి వచ్చే మూలుగు చిన్నప్పుడు ఆమెను చెవులు మూసుకునేలా చేసేది. పాతికేళ్లు నిండకుండానే పోయాడు. ఆ తర్వాత అమ్మ కడుపున నిదానం పుట్టాడు. వాడి గుప్పిట విప్పి చూసిన అమ్మ ముఖం అక్కకు ఇప్పటికీ గుర్తే.

ఆమె పెద్దదవుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "ఇది మన ఇంటి ఆడవాళ్ల రక్తంలో ఉందే. మనకేం కాదు, మనం కన్న మగపిల్లల్ని పట్టుకుంటుంది. నువ్వు మాత్రం కనకు తల్లీ. నేను పడ్డది చాలు."

ఆమె కనలేదు. పెళ్లికి ముందే డ్రైవరుతో "నాకు పిల్లలు వద్దు. తమ్ముడే నా పిల్లాడు" అంది. అతను కాసేపు ఆలోచించి సరే అన్నాడు. అడిగినవాళ్లకు ఒకసారి నవ్వి, ఒకసారి విసుక్కుని, ఒకసారి దేవుడి మీదికి నెట్టి ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది. తనతోనే ఇది ఆగిపోతుందని ధైర్యంగా ఉంది. తమ్ముడి వైపు నుంచి వస్తుందని ఎప్పుడూ ఆలోచించలేదు. అతనికి పెళ్లవడమే పెద్ద విషయమనుకుంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మరదలు వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. అక్క చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వెళ్లింది.

"అమ్మాయ్, నేనొక మాట చెబుతాను. కోపం తెచ్చుకోకు. ఇంకా తొలి రోజులే కాబట్టి ఇబ్బంది ఉండదు. తీయించేసుకో."

కత్తి ఆగింది. "ఏంటి వదినా?"

"నేను తోడొస్తాను. ఎవరికీ తెలియక్కర్లేదు. వాడికింకా చెప్పలేదన్నావుగా."

"మీకేమైంది వదినా? మీరేనా ఈ మాటంటోంది?"

"నేనే అంటున్నాను. నువ్వు చూడలేదు, నేను చూశాను. మా మామయ్యని చూశాను. గదిలో పడేసి తలుపేస్తే కుక్కపిల్లలా మూలిగేవాడు. నువ్వు వీణ్ని ఇలా చూసి, ఇంతేగా అనుకుంటున్నావు. వీణ్ని ఇంతవాణ్ని చేయడానికి మా అమ్మ ఎంత ఏడ్చిందో, ఎన్ని దెబ్బలు కొట్టిందో, కొట్టి మళ్లీ ఎంత ఏడ్చిందో నీకేం తెలుసు? నీ కడుపున ఇంకొకడు ఇలాంటివాడు పుడితే..."

"పుడితే ఏంటి?" మరదలు గొంతు కూడా లేచింది. "ఆయనలా పుడితే ఏంటట? పొద్దున లేస్తే ఆయన పని ఆయన చేసుకుంటాడు. ఎవరి జోలికీ పోడు. ఆయనకేం తక్కువ?"

"తక్కువే! తక్కువ కాబట్టే నా బతుకంతా వాడి చుట్టూ తిరిగింది. ఇంకొకణ్ని మొయ్యడానికి నాలో ఓపిక లేదు. ఇలాంటి చేతులు ఈ ఇంట్లో ఇంకోసారి చూడలేను!"

మరదలు ఆమెను దాటి గుమ్మం వైపు చూసింది. అక్క వెనక్కి తిరిగింది.

నిదానం నిలబడి ఉన్నాడు. ఖాళీ డబ్బా చంకలో ఉంది. రెండు చేతులూ ముఖం ముందు పెట్టుకుని, ఎవరివో చూస్తున్నట్టు చూసుకుంటున్నాడు. తర్వాత వాటిని నెమ్మదిగా చొక్కా కిందికి దూర్చుకున్నాడు.

"ఒరే నాన్నా..." అంది అక్క.

అతను పక్కకు తిరిగి నడవాలోకి వెళ్లిపోయాడు. కోపం వస్తే మూల కూర్చోవడం అతనికి అలవాటే కాబట్టి ఇద్దరూ వెంటపడలేదు. ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరు చూసే ధైర్యం లేదు. మరదలు పొయ్యి ఆపేసి కళ్లు తుడుచుకుంటోంది. కొంతసేపటికి నీళ్ల చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఎంతకీ ఆగలేదు.

"స్నానానికి వెళ్లాడా?" అంది అక్క.

మరదలు ముఖం మారింది. "ఆయన బాత్రూము తలుపు గడియ పెట్టడు వదినా. పెడితే తీసుకోలేడు." పరుగెత్తి తలుపు నెట్టింది. లోపల గడియ పెట్టి ఉంది.

"ఏవండీ! తలుపు తియ్యండి!"

లోపలినుంచి ఒక మూలుగు వచ్చింది. అక్కకు అది మేనమామ గొంతులా వినిపించింది. చెవులు మూసుకోవాలనిపించింది. బదులుగా రెండు చేతులతో తలుపు బాదింది.

"తమ్ముడూ! నేను తప్పు మాటన్నాను రా! బయటికి రా!"

"గడియ రావట్లేదక్కా" అన్నాడతను లోపలినుంచి. ఏడుపు గొంతు. "నొప్పిగా ఉంది. చెయ్యి తెలియట్లేదు."

అప్పుడే బస్సు పెట్టి లోపలికి వచ్చిన డ్రైవరు ఏం జరిగిందని అడగలేదు. ఇద్దరినీ పక్కకు జరిపి, భుజంతో తలుపును రెండుసార్లు గుద్దాడు. మూడోసారికి గడియ మేకులతో సహా ఊడి వచ్చింది.

నిదానం తడినేల మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నర్సరీలో అంటుకట్టిన కొమ్మలకు చుట్టే ప్లాస్టిక్ టేపును రెండు చేతులకూ చుట్టుకున్నాడు. పళ్లతో లాగి, లాగి చుట్టాడు. బొటనవేళ్లు వెనక్కి విరిచి మణికట్లకు కట్టేసి ఉన్నాయి. వేళ్లు నీలంగా ఉబ్బాయి. పెదవి మీద నెత్తురు.

"కత్తెర! కత్తెర తెండి!" అరిచాడు డ్రైవరు.

మరదలు తెచ్చింది. అక్క మోకాళ్ల మీద కూలబడి టేపు చర్మంలోకి దిగిన చోట్ల ఒక్కొక్క పొరే కోసింది. షాపులో అతిచిన్న మరలు బిగించే వేళ్లు ఇప్పుడు ఆగకుండా వణుకుతున్నాయి. రక్తం తిరిగి పారుతుంటే నిదానం పళ్లు బిగించాడు. అయినా ఆమె వైపు ఆశగా చూశాడు.

"సాపు చేశానక్కా. ఇలాగే కట్టి ఉంచితే తిన్నగా అవుతాయి. అప్పుడు మా పాపకి ఇలాంటివి రావుగా?"

అక్క కత్తెర కింద పడేసింది. అతని రెండు చేతులనూ తన చెంపలకు ఆనించుకుని, నోరు తెరిచి, చిన్నపిల్లలా ఏడ్చింది.

*

ఆ రాత్రి ఎవరూ ఎవరినీ నిందించుకోలేదు. దాని అవసరం లేకపోయింది. మర్నాడు పెద్దాసుపత్రిలో చేతులకు కట్టు కట్టినతను ఆ వేళ్లు చూసి, కథంతా విని, వంశంలో వచ్చే జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. నలుగురూ వెళ్లి ఆమె ఎదుట వరసగా కూర్చున్నారు. ఆమె వయసులో చిన్నది. నిదానాన్ని అడగాల్సినవన్నీ నిదానాన్నే అడిగింది. అతను సమాధానం చెప్పేదాకా తొందరపెట్టకుండా ఆగింది.

"మీ భయం నాకర్థమైంది" అంది చివరికి అక్కతో. "ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా వినండి. మీ ఇంట్లో ఇది వచ్చిన తీరు చూస్తే, ఈ లోపం ఉండేది ఎక్స్ అనే క్రోమోజోము మీద. ఆడవాళ్లకి రెండు ఎక్స్‌లు. మగవాళ్లకి ఒక ఎక్స్, ఒక వై. మగపిల్లాడికి తండ్రి ఇచ్చేది వై మాత్రమే. ఎక్స్ తల్లిదే. అంటే మీ తమ్ముడికి కొడుకు పుడితే, మీ తమ్ముడి లోపం ఆ కొడుక్కి వెళ్లే దారే లేదు."

"దారే లేదా?" అన్నాడు డ్రైవరు.

"లేదు. కూతురు పుడితే ఆమెకి చేరుతుంది. కానీ తల్లి ఇచ్చిన మంచి ఎక్స్ ఒకటి తోడుంటుంది కాబట్టి మామూలుగా ఇబ్బంది ఉండదు. ఉన్నా చాలావరకు కొద్దిగానే. ఆమె పెద్దయి పిల్లల్ని కనాలనుకున్నప్పుడు మాత్రం ముందుగా మాలాంటి వాళ్లని కలవాలి. ఇప్పటికే దానికి దారులున్నాయి."

మరదలు రెండు చేతులతో కడుపు పట్టుకుని తలవంచుకుంది. నిదానం ఆమెను వంగి చూసి, "ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?" అని అడిగాడు. "రెండూ" అందామె.

డాక్టరు అక్క వైపు తిరిగింది. "మీకు పిల్లలెంతమంది?"

"లేరు. నాకూ ఉంటుందిగా అని... కనలేదు."

"మీకు ఉందని ఎవరు చెప్పారు?"

"అమ్మ."

"పరీక్ష చేశారా?"

"లేదు. ఆడవాళ్లందరికీ ఉంటుందని..."

డాక్టరు మెల్లగా చెప్పింది. "మీ అమ్మగారికి రెండు ఎక్స్‌లు. ఒకదాని మీద లోపం ఉంది, ఇంకోటి బాగుంది. మీకు ఏది వచ్చిందో చూడకుండా ఎవరూ చెప్పలేరు. రావడానికి ఎంత వీలుందో, రాకపోవడానికీ అంతే ఉంది. కావాలంటే మీ తమ్ముడితో పాటు మీ రక్తం కూడా ఇప్పుడే తీసుకుంటాం. మీ ఇష్టం."

డ్రైవరు గోడవైపు చూస్తున్నాడు. అక్క జాకెట్టు చేతిని పైకి లాగి చెయ్యి చాపింది.

ఫలితాలు రావడానికి వారాలు పట్టింది. ఆ వారాల్లో ఆమె భయం కొత్త రూపం ఎత్తింది. ఇన్నేళ్లూ ఆ లోపం తనలో ఉందని భయపడింది. ఇప్పుడు లేదంటారేమోనని భయం. ఉందని తేలితే, చేసింది మంచి పనే అనుకుని పడుకోవచ్చు. లేదని తేలితే, ఆ కనని పిల్లలకు, పక్కన నోరెత్తకుండా బతికిన ఈ మనిషికి ఏం సమాధానం చెప్పాలి? షాపుకి చిన్నపిల్లలు అద్దాలకు వస్తే, వాళ్ల ముక్కు కొలవడానికి కూడా యజమానినే పిలిచేది.

మరదలికి క్షమాపణ చెప్పడానికి రోజూ మేడమెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చేది. ఒకరోజు మరదలే కిందికి దిగి పక్కన కూర్చుంది.

"నన్ను చూస్తే భయమేస్తోందా వదినా?"

"నన్ను చూస్తే నాకే వేస్తోంది. నీ బిడ్డని చంపమన్నాను."

"అన్నారు. ఆ రోజు మిమ్మల్ని జన్మలో క్షమించకూడదనుకున్నాను." ఆమె మనసులో ఏమీ దాచుకోకుండా చెప్పే మనిషి. "తర్వాత బాత్రూములో మీ చేతులు వణకడం చూశాను. అంత భయం ఒక్కరే మోస్తే ఎవరి నోటివెంటైనా అలాంటి మాటే వస్తుంది. కానీ ఇంకోసారి అంటే మాత్రం ఊరుకోను."

"అనను" అంది అక్క. ఆ పిల్ల తల తన భుజం మీద వాలుతుంటే, ఆనాడు లేవని చెయ్యి ఇప్పుడు లేచింది.

ఫలితం చెప్పిన రోజు డ్రైవరు సెలవు పెట్టి వెంట వచ్చాడు. తమ్ముడి విషయం అనుకున్నదే. అక్క విషయం చెప్పే ముందు డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుంది.

"మీలో ఆ లోపం లేదు."

అక్క తలూపింది. థాంక్స్ అంది. బయటికి వచ్చి, ఆసుపత్రి ఆవరణలో ఉన్న సిమెంటు బల్ల మీద కూర్చుంది. ఎండగా ఉంది. ఎవరో పిల్లాడు నీళ్లసీసా కోసం మారాం చేస్తున్నాడు.

"మీకు తెలుసా, నేనెందుకు వద్దన్నానో?" అంది భర్తతో.

"తెలుసు. పెళ్లికి ముందే మీ అమ్మ నాతో చెప్పింది. అడిగితే నువ్వు బాధపడతావని అడగలేదు."

"కోపం లేదా నామీద?"

"ఉంది. నీ మీదో, మీ అమ్మ మీదో, ఏనాడూ డాక్టరు దగ్గరికి పద అనని నా మీదో తెలియట్లేదు. బస్సులో పిల్లలు దిగుతూ టాటా చెబుతారు చూడు, కొన్ని రోజులు చాలా కష్టంగా ఉండేది." పెళ్లయ్యాక అతను ఏడవడం ఆమె మొదటిసారి చూసింది. "నువ్వొక్కదానివే భయపడ్డావనుకున్నావా? నేనూ భయపడ్డాను. అందుకే నోరు మూసుకుని కూర్చున్నాను."

ఆమె అతని చెయ్యి ఒళ్లోకి లాక్కుంది. పిల్లల్ని కనే వయసు దాటిపోయింది, పోయింది పోయినట్టే ఉంది. ఇద్దరూ ఆ ఎండలోనే, నీడ పక్కనే ఉన్నా లేవకుండా, చాలాసేపు ఏడ్చారు. ఇన్నేళ్లలో ఆ పిల్లల కోసం ఇద్దరూ కలిసి ఏడ్చింది అదే మొదలు.

*

ఆడపిల్ల పుట్టింది. మరదలు అలసటతో కళ్లు మూసుకుని ఉంది. గదిలో మంచం పక్కన నిదానం గోడకు అంటుకుపోయి నిలబడ్డాడు. చేతులు రెండూ వీపు వెనక.

"రా రా, ఎత్తుకో" అన్నాడు బావ.

"వద్దు బావా. జారిపోతుంది. నా చేతులు మంచివి కావు."

ఆ మాట ఎవరి నోటినుంచి అతనికి చేరిందో అక్కకు తెలుసు. ఆమె లేచి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. మోచేతులు రెండూ ఒళ్లో కలిపి పెట్టించి, వాటి మీద దిండు పరిచి, బిడ్డను పడుకోబెట్టింది. అతని ఒళ్లంతా బిగుసుకుపోయింది.

"అక్కా, భయంగా ఉంది."

"నాకూ ఉంది రా. భయపడుతూనే పట్టుకో. నేనిక్కడే ఉన్నాను."

మరదలు కళ్లు తెరిచి అటే చూస్తోంది. "వదినా, దీనికి పెద్దయ్యాక అన్నీ చెప్పాలిగా. ఎలా చెబుతాం? నాకు రాదు."

"నేను చెబుతాను" అంది అక్క. "తలుపులు తీసిపెట్టి, అందరం ఉండగా చెబుతాను. నీకిది ఉంది, దీనికి డాక్టర్లున్నారు, మేమున్నాం, ఏం చేయాలో నీ ఇష్టం అని చెబుతాను. ఏం చేయకూడదో మాత్రం చెప్పను."

నిదానం ఇవేవీ వినడం లేదు. ఊపిరి బిగబట్టి, కదలకుండా, ఒళ్లో బిడ్డ ముఖంలోకి చూస్తున్నాడు. బిడ్డ ఆవలించింది. అతను ఉలిక్కిపడి అక్క వైపు చూశాడు. ఆమె ఏం కాదన్నట్టు తలూపింది. అప్పుడు, ఎంతో నెమ్మదిగా, అతని భుజాలు సడలాయి.